పెనుగొండ సీమకు పెన్న నీరు : జలసూత్రము సింగాయభట్టు కాలువ

ఆంధ్రదేశ చరిత్రమున పెనుగొండకు గల స్థానము విజ్ఞులెఱిగినదే. విజయనగర రాజ్యము వెలసిన తొలి దినములనుండియు అది రాజకుమారులకు పాలనాస్థానము. 1565లో తళ్లికోట యుద్ధము ముగిసిన పిదప ఆరవీటి తిరుమలరాయలకు రాజధాని. ఈ రెండంశములను గూర్చి చరిత్రకారులు విపులముగనే వ్రాసియున్నారు. కాని పెన్నకును చిత్రావతికిని నడుమ, వాన కఱవైన గుట్టల సీమలో, అంతటి నగరము ఏ నీటిని నమ్ముకొని నిలిచినదను ప్రశ్నకు తగినంత శ్రద్ధ లభింపలేదు. ఈ వ్యాసమున ఆ ప్రశ్ననే మేము ముఖ్యముగా గ్రహించితిమి. దానికి ఆధారము ప్రధానముగా ఒక చిన్న శాసనము. ఆ శాసనమును దాని కాలమునకు చెందిన మఱియొక పెద్ద శాసనముతోడను, హిందూపురము, పెనుగొండ, ధర్మవరము ప్రాంతముల చెఱువులతోడను కలిపి చదివినచో, ఆఱు శతాబ్దముల నాటి పెద్దలు ఒక లౌకికమైన చిక్కును ఎట్లు విడదీసిరో తెలియగలదు. ఆ పరిష్కారము ఏ భాగమున నిలిచినది, ఏ భాగమున చెడినది అను విచారము నేటికిని ప్రయోజనకరమని మా అభిప్రాయము.

సీమ స్వరూపము

పెన్న నంది కొండలలో పుట్టి, గౌరీబిదనూరు మీదుగా ఉత్తరముగా పాఱి, హిందూపురము ప్రాంతమున తెలుగునేలను చేరును. జయమంగళి యను ఏఱు ఆ సీమలోనే దానిలో కలియును. పిమ్మట పెన్న పావగడ తాలూకాలో కొంతదూరము పోయి, మఱల అనంతపురము వైపు తిరుగును. దీనికి తూర్పుగా చిత్రావతి చిక్కబళ్లాపురము ప్రాంతమున పుట్టి, బాగేపల్లి దాటి, పుట్టపర్తి, బుక్కపట్నము, ధర్మవరము ప్రాంతముల గుండ పోయి, తుదకు కడప సీమలో పెన్నను కలియును. ఈ రెండు నదుల నడుమ నున్నది పెనుగొండ.

నదులు రెండున్నను నీరు మాత్రము కొఱతయే. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలను దాటి వచ్చుసరికి దానిలోని మేఘసంపద తఱిగిపోవును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమున వర్షించి, ఇంత లోపలికి వచ్చుసరికి సన్నగిల్లును. ఉమ్మడి అనంతపురము జిల్లాలో సంవత్సర వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు కొన్ని దినములలోనే కురిసి పోవును. నేల ఎఱ్ఱనిది, లోతు తక్కువది, దాని క్రింద కఠినశిల. కావున వాన కురిసిన గడియలలోనే నీరు వాగుల దారి పట్టి పోవును. ఏట కొన్ని దినములు వరద, తక్కిన దినములలో ఇసుక. హిందూపురమువారు పెన్నను చూచునది ఎక్కువగా ఈ ఇసుక రూపముననే.

ఇట్టి సీమలో నీటి సమస్య రెండు విధములు. నీరున్న చోటికిని జనమున్న చోటికిని దూరము కలదు. నీరు వచ్చు కాలమునకును నీరు కావలసిన కాలమునకును అంతకంటె పెద్ద దూరము కలదు. మొదటి దూరమును కాలువ తీర్చును. రెండవదానిని చెఱువు మాత్రమే తీర్పగలదు. ఈ భేదము గుర్తునందుంచుకొన్నచో మేము ప్రస్తావింపబోవు శాసనము యొక్క ఆంతర్యము స్పష్టమగును.

1388 నాటి శాసనము

ఈ శాసనము గౌరీబిదనూరు తాలూకాలోనిది. కన్నడ భాషలో నున్నది. బి. ఎల్. రైస్ పండితుడు 1905లో వెలువరించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా కోలారు సంపుటమున ప్రకటితమైనది. కాలము క్రీ. శ. 1388. అప్పటికి విజయనగరమున రాజు రెండవ హరిహరరాయలు. ఆయన కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుగొండ పట్టణమున నుండెను. ఈ రాజకుమారుడే పిమ్మట కొలదికాలము రెండవ బుక్కరాయలను పేర రాజ్య మేలెను.

శాసన సారాంశమును మా మాటలలో చెప్పెదము. నీరు ప్రాణులకు ప్రాణమనియు, ప్రజలందఱు సుఖముగ నుండవలెననియు తలచి, రాజకుమారుడు కొలువు తీర్చియుండి, పదివిద్యలలో చక్రవర్తియని పేరొందిన జలసూత్రము సింగాయభట్టును పిలిచి, పెన్నను పెనుగొండకు తేవలసినదని ఆజ్ఞాపించెను. సింగాయభట్టు సిరువెర చెఱువునకు కాలువ త్రవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండలపు కాలువ యని పేరిడి, ఆ విషయమును శిలపై వ్రాయించెను.

శాసనము చిన్నదే. కాని ఇందలి ప్రతి పదమును విచారింపదగి యున్నది.

మొదట నామములను గూర్చి ఒక మాట. ఈ కన్నడ శాసనమున నది పేరు హెన్నె. పదాది పకారము హకారముగా మాఱుట కన్నడమున ప్రసిద్ధమైన ధ్వని పరిణామము. తెలుగున ఆ మార్పు లేదు గావున మనకు అది పెన్నయే. కాని అదే శాసనమున పట్టణము పేరు మాత్రము పకారముతోనే నిలిచినది. నది ఎగువ సీమలో కన్నడ నామము ధరించినది. నగరము తెలుగువారు పలికిన రూపముననే రాజసభకు పరిచితమైనది. ఒక్క శిలపై రెండు భాషల సరిహద్దు ఈ విధముగా గోచరించుచున్నది. నేడు రెండు రాష్ట్రములుగా నున్న ఈ భూమి అప్పుడు ఒక్క పాలనలో నుండెననుటను కూడ ఇది తెలుపుచున్నది. ఈ విషయముతో మఱల పని పడును.

తరువాత జలసూత్ర పదము. తెలుగున జలసూత్రమనగా నీటిని పైకి చిమ్ము యంత్రము, నీటి పనితనము అను అర్థములు కలవు. శాసనమునందు ఆ పదము మనుష్యునకు విశేషణమైనది. సూత్రమనగా త్రాడు. శిల్పియు, స్థపతియు కొలతకు పట్టునది ఈ త్రాడే. సూత్రధారుడను పదమునకు శిల్పాచార్యుడను అర్థము ఇట్లే కలిగినది. కాలువ త్రవ్వువానికి కావలసిన మొదటి విద్య, కంటికి సమముగా కనబడు నేలలో వాలును కనిపెట్టుట. వాలు హెచ్చినచో నీరు కట్టలను కోయును. తగ్గినచో నీరు నిలిచి మన్ను పేరుకొనును. కావున సూత్రము పట్టి నీటి నడకను నిర్ణయించువానికి జలసూత్రమను పేరు అన్వర్థమని మేము తలచుచున్నాము. ఈ పదము నేటికిని తెలుగువారిలో ఇంటిపేరుగా నిలిచియున్నది. కథకుడును పేరడీ రచయితయు నగు జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరు సాహిత్యపరులకు సుపరిచితమే.

ఇక శాసనమున అన్నిటికంటె ముఖ్యమైన విశేషము. ఆజ్ఞ యొకటి, జరిగిన పని మఱియొకటి. రాజకుమారుడు కోరినది నదిని నగరమునకు తెచ్చుట. సింగాయభట్టు చేసినది నదిని ఒక చెఱువునకు చేర్చుట. దీనిని లోపముగా భావింపరాదు. హిందూపురము, పెనుగొండల నడుమనే 30 కిలోమీటర్లకు మించిన దూరము కలదు. కొన్ని దినములు మాత్రమే పాఱు నదినుండి అంత దూరము కాలువ త్రవ్వి నగరమున విడిచినచో, నగరమునకు నీరు ఆ కొన్ని దినములే లభించును. తక్కిన కాలమంతయు ఎండిన కాలువయే మిగులును. వరదనీటిని త్రోవలోని చెఱువున పట్టి నిలిపినచో, ఆ నీరు నెలల తరబడి సీమకంతకును ఉపయోగపడును. ఒక చెఱువు నిండి మరువ పాఱిన నీరు దిగువ చెఱువును చేరును. పొలములందు ఇంకిన నీరు బావులలో తేలును. కాలువకు సింగాయభట్టు ఇడిన పేరు గమనింపుడు. అది నగరపు కాలువ కాదు, మండలపు కాలువ. నగర సమస్యగా వచ్చిన ప్రశ్నను ఆయన మండల సమస్యగా గ్రహించి పరిష్కరించెనని ఊహించుటకు ఈ పేరు ఆస్కార మిచ్చుచున్నది. ప్రభువు అడిగిన దానిని అక్షరాల చేయక, ప్రభువు ఉద్దేశించిన ఫలమును సాధించుటయే ఇందలి ప్రజ్ఞ.

పోరుమామిళ్ల సాక్ష్యము

ఇట్టి నిర్ణయము ఒక వ్యక్తి ప్రతిభ మాత్రమేనా, లేక అప్పటికే శాస్త్రముగా స్థిరపడిన జ్ఞానమా యను సందేహము కలుగవచ్చును. దీనికి సమాధానము కడప సీమలోని పోరుమామిళ్ల శాసనమున లభించుచున్నది. ఇది 1369 నాటిది, అనగా సింగాయభట్టు కాలువకు 19 సంవత్సరములు ముందటిది. మొదటి బుక్కరాయల కుమారుడును, ఉదయగిరి నుండి పాలించినవాడును నగు భాస్కరుడు, నామాంతరమున భవదూరుడు, అనంతరాజ సాగరమను చెఱువును కట్టించి దీనిని వ్రాయించెను. ప్రతాప బుక్కరాయలకు ఈ భాస్కరుడు తండ్రి సోదరుడు. కావున రెండు శాసనములును ఒకే కుటుంబమునకు, ఒకే తరపు అనుభవమునకు చెందినవి.

పోరుమామిళ్ల శాసనము సంస్కృత శ్లోకములలో నున్నది. చెఱువు పని రెండు సంవత్సరములు సాగినదనియు, దినమునకు వేయిమంది పనివారును నూఱు బండ్లును పనిచేసినవనియు అందు కలదు. దానికంటెను విలువైనది అందలి లక్షణ భాగము. మంచి చెఱువునకు పండ్రెండు అంగములును, ఆఱు దోషములును అందు చెప్పబడినవి. అంగములలో మొదటిది ధర్మపరుడును ధనవంతుడును కీర్తికాముడును నగు ప్రభువు. రెండవది జలశాస్త్ర మెఱిగిన విద్వాంసుడు. పిమ్మట గట్టి నేల, తీయని నీటి నది, కట్టకు ఇరువైపుల ఆనుకొను కొండలు, వాని నడుమ పొడవు మితిమీఱని గట్టి రాతికట్ట, వెడల్పును లోతును గల గర్భము, సమీపమున రాతిగని, క్రింద సమతలమైన పండు భూములు, పని నేర్చిన జనము మున్నగునవి లెక్కింపబడినవి. ఈ వరుసలో ప్రభువు పిమ్మట వెంటనే శాస్త్రజ్ఞునకు స్థానము కల్పించుట గమనింపదగినది. 1388 నాటి శాసనమున ప్రతాప బుక్కరాయలును సింగాయభట్టును కలిసి కనబడుట ఈ లక్షణమునకు లక్ష్యమువలె నున్నది.

దోషములు ఆఱు. కట్టనుండి నీరు ఊరుట, చవుటినేల, రెండు రాజ్యముల ఎల్లయందుండుట, గర్భము నడుమ మిట్ట యుండుట, నీరు తక్కువయై ఆయకట్టు ఎక్కువగుట, నీరు ఎక్కువయై ఆయకట్టు తక్కువగుట. వీనిలో మూడింటికి కారణము నేలయు కట్టడమును. రెండింటికి కారణము లెక్కతప్పుట. ఒక్కటి మాత్రము భూమిని గాని నీటిని గాని పట్టినది కాదు, పాలనను పట్టినది. రెండు రాజ్యముల ఎల్లయందుండుట చెఱువునకు దోషమని ఆనాటి జలశాస్త్రజ్ఞుడు రాతిపై వ్రాసెను. ఒకరు కట్టిన దానికి మఱియొకరు బాధ్యులు కారు, ఒకరి లాభము మఱియొకరికి నష్టముగా తోచును. నీటి చిక్కులలో కొన్ని గునపముతో తీఱవని ఎఱిగిన శాస్త్రమిది.

చిత్రావతి చెఱువులు

పెన్నవైపు సింగాయభట్టు కాలువ యున్నట్లే చిత్రావతివైపు రెండు పెద్ద చెఱువులు కలవు. ఒకటి బుక్కపట్నము చెఱువు, రెండవది ధర్మవరము చెఱువు. రెండింటికిని చిత్రావతియే ఆధారము. బుక్కపట్నము పేరు బుక్కరాయల కాలమును స్మరింపజేయుచున్నది. ధర్మవరమును, అచటి చెఱువును క్రియాశక్తి ఒడయరు నిర్మించి తన తల్లి ధర్మాంబ పేరు పెట్టెనని ఐతిహ్యము. అనంతపురము కడనున్న బుక్కరాయసముద్రమును చిక్కప్ప ఒడయరు కట్టించెనని అట్టిదే మఱియొక ఐతిహ్యము కలదు. ఐతిహ్యములను శాసనములతో సమానముగా నమ్మవలసిన పని లేదు. అయినను, ఈ సీమలో ఊరి పుట్టుకయు చెఱువు పుట్టుకయు ఒక్క కథగానే చెప్పబడుట మాత్రము సత్యమును సూచించుచున్నది. ముందు చెఱువు, దాని కట్టక్రింద ఊరు. ధర్మవరము నేడు పట్టుచీరల వలన దేశమంతట ప్రసిద్ధమైనది. మగ్గమునకు ముందు ఆ ఊరిని నిలిపినది చెఱువే.

చెఱువు తెగునను భయము కూడ ఈ సీమ స్మృతిలో చెఱువంత పాతది. బుక్కరాయసముద్రము కట్ట తెగబోవగా ముసలమ్మ యను కోడలు ఆత్మార్పణము చేసి ఊరిని కాపాడినదను కథ ప్రసిద్ధము. కట్టమంచి రామలింగారెడ్డిగారు దానిని ముసలమ్మ మరణము అను కావ్యముగా వెలయించి ఆధునిక కవిత్వమున ఒక మార్గమునకు ఆద్యులైరి. ఆ కథను మేము ఇచట కావ్యదృష్టితో చూచుట లేదు. పోరుమామిళ్ల శాసనమున కట్ట ఊరుట మొదటి దోషము. జానపదుని కథలో అదే దోషము దేవత ఆగ్రహముగా కనబడినది. విద్వాంసునకును పల్లెవానికిని భయము ఒక్కటియే. ఒకడు దానికి లక్షణము వ్రాసెను, మఱియొకడు కథ చెప్పెను. అయితే ఊరివారు కథతో ఊరకుండలేదు. కట్టను ఏటేట కాపాడుటకు ఒక ఏర్పాటు చేసికొనిరి. మా దృష్టిలో ఈ సీమ జలవ్యవస్థలో అన్నిటికంటె నేర్పుగల అంశము ఆ ఏర్పాటే.

కట్టినదానిని కాపాడుట

చెఱువు కట్టుట ఒకనాటి పని, కాపాడుట ప్రతి యేటి పని. వరద తెచ్చు ఒండ్రు గర్భమును పూడ్చును. తూముల రాళ్లు కదలును. కట్టపై ముండ్లచెట్లు మొలచి వేళ్లు లోనికి పోవును. ప్రభువు కీర్తికై కట్టును గాని, నూఱేండ్ల పిమ్మట పూడిక తీయుటకు ఆ కీర్తి చాలదు. ఈ చిక్కునకు మన పెద్దలు కనిపెట్టిన ఉపాయము దశబంధము.

దశబంధమనగా చెఱువునో కాలువనో కట్టి, దానిని సదా మరమ్మతు చేయుదునని ఒప్పుకొన్నవానికి ఇచ్చు మాన్యము. పేరునుబట్టి పదవ వంతు అని అర్థము. ఇది రెండు విధములు. నిర్ణీతమైన భూమిని ఇచ్చినచో ఖండము దశబంధము. ఆ చెఱువు క్రింది శిస్తులో భాగము నిచ్చినచో షామిలాతు దశబంధము. ఈ రెండవ విధమున ఒక సూక్ష్మము కలదు. చెఱువు బాగుగా నుండి ఆయకట్టు పండినచో మాన్యదారునకు భాగము పెరుగును. చెఱువు పాడైనచో అతని భాగమును తఱుగును. అనగా మరమ్మతు చేయుమని అతనిని ఎవ్వరును హెచ్చరింపనక్కఱలేదు. అతని లాభమే అతనిని హెచ్చరించును. అధికారి తనిఖీ లేకయే పని జరుగునట్లు కుదిర్చిన ఈ ఒప్పందము, తూము కంటెను కట్ట కంటెను గొప్ప నిర్మాణమని మేము భావించుచున్నాము.

దీనికి తోడు ప్రతి చెఱువునకు నీరుగంటి యుండెడివాడు. తూము తెఱచుట, మూయుట, ఏ మడికి ఎంతసేపు నీరు పాఱవలెనో చూచుట అతని వృత్తి. దానికి ప్రతిఫలము కళ్లములో ధాన్యము. ఊటకాలువల పూడిక తీయుటకు రైతులు తమ భూమి కొలదిని పనివారిని పంపుట ఆచారము. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టమున చిన్న రాజ్యమైనను చెఱువులు కాలువలు నిర్మించి, పేదరైతునకు పన్ను సడలించినచో వృద్ధి పొందునని బోధించెను. కవియైన రాజు చెప్పిన నీతికి వెనుక ఇట్టి ఊరి ఏర్పాట్లు నిలిచియున్నవి. అవి లేనిచో ఆ నీతి వట్టి సుభాషితమై యుండెడిది.

1565 పిమ్మట తిరుమలరాయలు పెనుగొండకు తరలివచ్చుటకు కొండకోట బలము కారణమని సాధారణముగా చెప్పుదురు. అది నిజమే. 1577లో బిజాపురపు సేనలు ముట్టడించినపుడు కోట లొంగలేదు. కాని రాజధానిగా మాఱిన ఊరు కోటగోడలతో మాత్రమే బ్రతుకదు. పరివారమునకు, సైన్యమునకు, గుఱ్ఱములకు నీరును ధాన్యమును కావలయును. పెనుగొండకు ఆ శక్తి ఒక్కనాడు రాలేదు. 1565 నాటి నిర్ణయమునకు వెనుక రెండు శతాబ్దముల చెఱువుల పని కలదని అంగీకరింపక తప్పదు. హిందూపురము సమీపమున లేపాక్షి ఆలయమును చూచి విజయనగర శిల్పమును కొనియాడువారు, అదే సీమలోని తూములను, మరువలను కూడ ఆ శిల్పములో భాగముగా గణింపవలసియున్నది.

రెండు రాజ్యముల ఎల్ల

1800లో ఈ సీమ నిజాము నుండి కుంఫిణీకి దత్తమండలములలో భాగముగా సంక్రమించెను. 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నుండిన తామస్ మన్రో ఇచటి చెఱువులను శ్రద్ధగా పరిశీలించెను. క్రొత్తగా చెఱువు కట్టుటకు యత్నించుట ఇంచుమించు నిష్ఫలమనియు, లాభదాయకమైన చోటనెల్ల ఈ దేశవాసులు ముందే చెఱువులు కట్టి యున్నారనియు ఆయన అభిప్రాయము. ఒక పరదేశీయుడైన పాలకుడు మన పెద్దల జలవిద్యకు ఇచ్చిన యోగ్యతాపత్ర మిది. అయినను ఆ పాలనలోనే పాత ఏర్పాట్లు క్రమముగా సడలినవి. పూర్వము ఆచారముగా సాగిన మరమ్మతు పనికి 1858లో మద్రాసు ప్రభుత్వము నిర్బంధ శ్రమ చట్టము చేయవలసివచ్చెను. ఆచారమునకు చట్టము అవసరమగుట ఆచారము బలహీనమైనదనుటకు నిదర్శనము. 1876 నుండి 1878 వఱకు వచ్చిన ఘోర క్షామము ఈ సీమను ఎంత బాధించినదో వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ఇక పోరుమామిళ్ల శాసనము చెప్పిన దోషము ప్రత్యక్షమైన ఘట్టము. 1388లో సింగాయభట్టు ఎగువ నీటిని దిగువ సీమకు మళ్లించినపుడు రెండును ఒక్క రాజ్యమే. ఎగువవాని అనుమతి యను ప్రశ్నయే లేదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఎగువ మైసూరు సంస్థానము, దిగువ మద్రాసు రాజధాని. ఎగువ చెఱువులను బాగుచేసినచో దిగువ చెఱువులు ఎండునను భయము కలిగెను. ఈ వివాదము తుదకు 1892 ఒప్పందమునకు దారితీసినది. కొన్ని నదులపై మద్రాసు అంగీకారము లేక మైసూరు క్రొత్త జలాశయములు కట్టరాదని అందు నిర్ణయింపబడెను. ఆ నదుల పట్టికలో తుంగభద్ర, కావేరులతోపాటు పెన్న, చిత్రావతి, పాపాఘ్ని కూడ కలవు. కావేరి వివాదమున ఈ ఒప్పందము పేరు దేశమంతయు ఎఱుగును. పెనుగొండ, ధర్మవరము చెఱువుల నీళ్లును దానిలో నున్నవను సంగతి మాత్రము తక్కువమంది ఎఱుగుదురు. 523 సంవత్సరముల పూర్వము ఒక శాసనకర్త ఆఱింట ఒక దోషముగా లెక్కించినది రెండు ప్రభుత్వముల నడుమ ఒప్పందపత్రమై నిలిచినది.

ముగింపు

స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఈ సీమలో నీటికై జరిగిన యత్నములు అనేకములు. వానిలో సింగాయభట్టు పనికి సన్నిహితమైనది హంద్రీ నీవా పథకము. శ్రీశైలము జలాశయపు వెనుకనీటిని మల్యాల కడ ఎత్తి, అనేక ఎత్తిపోతలతో కర్నూలు, అనంతపురము సీమల మీదుగా తెచ్చు ఈ కాలువ, 2016 డిసెంబరులో పెనుగొండ సమీపమున గొల్లపల్లి జలాశయమును చేరినది. 1388లో పెన్న నీరు, 2016లో కృష్ణ నీరు. మొదటిది వాలును నమ్మినది, రెండవది విద్యుచ్ఛక్తిని నమ్మినది. సాధనములు వేఱైనను పద్ధతి ఒక్కటే. దూరపు నదిని తెచ్చుట, త్రోవలో జలాశయమున నిలుపుట. ఆ నీటిని నమ్మి పెనుగొండ కడ ఎఱ్ఱమంచిలో మోటారు వాహనముల కర్మాగారము కూడ వెలసి, 2019 నుండి ఉత్పత్తి సాగించుచున్నది. 2022లో పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడగా హిందూపురము, పెనుగొండ, ధర్మవరములు మూడును దానిలో చేరినవి.

కావున నీటిని తెచ్చు విద్య మనకు తఱుగలేదు, పెరిగినది. తఱిగినది వేఱొకటి. ఈ వ్యాసమున మేము చూపిన వ్యవస్థకు మూడు కాళ్లు కలవు. నీటి నడక నెఱిగిన విద్వాంసుడు మొదటిది. ఒకదాని నీటిని మఱియొకటి అందుకొను చెఱువుల వరుస రెండవది. కట్టినదానిని కాపాడువానికి ఆ కాపుదలలోనే లాభము కుదిర్చిన దశబంధము మూడవది. మొదటి రెండింటిని నేటి ఇంజనీర్లు మిక్కిలి సమర్థతతో నిర్వహించుచున్నారు. మూడవదానికి సరియైన ప్రత్యామ్నాయము ఏర్పడవలసియున్నది. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రైతుల నీటి వినియోగ సంఘములకు చట్టము చేసి, చెఱువుల నిర్వహణలో ఆయకట్టుదారులకు స్థానము కల్పించినది. ఆ చట్టపు ఆశయము శ్లాఘనీయము. అయితే సంఘమునకు బాధ్యత నిచ్చుట వేఱు, బాధ్యతలోనే లాభము కుదుర్చుట వేఱు. పాత మాన్యమును మఱల తెమ్మని మేము చెప్పుట లేదు. భూస్వామ్యముతో ముడివడిన ఆ రూపము గతించినది, గతించుటయు న్యాయమే. దానిలోని ఊహ మాత్రము గతింపదగినది కాదు.

సింగాయభట్టును గూర్చి కావ్యములు వెలయలేదు. ఆయనకు మిగిలినది ఒక శిలయు, దానిపై కొన్ని పంక్తులును. అందును కాలువకు తన పేరు పెట్టుకొనక ప్రభువు పేరు పెట్టెను. కాని ఆ ప్రభువు కోరినది ఒక నగరమునకు నీరు కాగా, ఆయన కాలువ మండలమునకు నీరైనది. తెలుగు, కన్నడ సరిహద్దు తాలూకాల చెఱువుకట్టలపైనను, తూముల స్తంభములపైనను ఉన్న శాసనములను రెండు రాష్ట్రముల విశ్వవిద్యాలయములు కలిసి ఒక్క వరుసలో పరిశీలించినచో, ఈ జలవిద్య చరిత్ర ఇంకను స్పష్టము కాగలదు. ఎల్లయందుండుట చెఱువునకు దోషమైనను, పరిశోధనకు దోషము కానక్కఱలేదు. విజ్ఞులైన శాసన పరిశోధకులు ఈ కార్యమునకు పూనుకొందురని ఆశించుచు ఈ వ్యాసమును ముగించుచున్నాము.